ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ కుదరడం లేదా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

ప్రదర్శనల దరఖాస్తులకు చివరి తేదీ దగ్గరపడిందంటే రాజమండ్రి, అమలాపురం, భీమవరం నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మేష్టారూ, బొమ్మలన్నీ రెడీ అండి. స్టేట్‌మెంట్ ఒక్కటే రావట్లేదు." అంటే బొమ్మలతో పాటు పంపే, తన పని గురించి ఆర్టిస్ట్ తానే రాసే చిన్న కాగితం. నేను ముందు అడిగేది ఎప్పుడూ ఒకటే. రాసేటప్పుడు బొమ్మలు ఎదురుగా పెట్టుకున్నారా? చాలామంది పెట్టుకోరు. బొమ్మలు ఫ్రేముల షాపులోనో, అటక మీదో, అత్తగారింట్లోనో ఉంటాయి. రాసే మనిషి బస్సులో కూర్చుని ఫోన్లో టైప్ చేస్తుంటాడు.

ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఈ ఒక్క పనీ వదిలేసి మిగతావన్నీ చేస్తారు. దయచేసి ముందు ఇది చేయండి. పంపబోయే బొమ్మలన్నీ ఒకే గదిలో నేల మీద పరవండి. అమ్ముడైపోయినవి ఉంటే ఏ4 కాగితం మీద రంగుల ప్రింటు తీయించి వాటి చోట పెట్టండి. ఫోన్ స్క్రీన్ మీద ఒక్కో బొమ్మా విడిగా కనబడుతుంది, పక్కపక్కన పెడితే తప్ప వాటిలో ఏది మళ్ళీమళ్ళీ వస్తోందో తెలియదు. తర్వాత ఒక కాగితం తీసుకుని, కంటికి కనిపించేవి మాత్రమే రాయండి. తలుపులు, మూసిన గొడుగు, ఎడమ వైపు నుంచి వచ్చే వెలుగు, మనిషి లేని కుర్చీ. ప్రేమ, ఆవేదన, ఆశ లాంటి మాటలు ఆ కాగితం మీద వద్దు. వచ్చే సమస్యల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. తీరనివాటి గురించే ఈ రాత.

స్టేట్‌మెంట్ అంటే ఏమిటో, పరిచయానికీ దానికీ తేడా ఏమిటో మీకు తెలుసనే అనుకుంటున్నాను. "నేను" అని రాయాలి, పని గురించి రాయాలి, నూట యాభై నుంచి రెండు వందల యాభై మాటలు చాలు, అవార్డులూ చదువులూ వేరే కాగితంలో ఉంటాయి. ఇది తెలిసి కూడా ఎక్కడ ఆగిపోతున్నారో చూద్దాం.

లక్షణం: "నేను ఆర్టిస్ట్‌ని" అనడానికి నోరు రాదు

దరఖాస్తులో వృత్తి అనే గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. పెళ్ళిలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే "ఏదో అలా సరదాగా బొమ్మలు వేస్తుంటానండి" అని టాపిక్ మార్చేస్తారు. అలాంటివాళ్ళు స్టేట్‌మెంట్ మొదలుపెడితే మొదటి వాక్యమే క్షమాపణలా వస్తుంది. "నేను పెద్దగా నేర్చుకున్నది ఏమీ లేదు గానీ..."

కారణం అడిగితే మూడు చెబుతారు. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేదు, వేరే ఉద్యోగం ఉంది, మనూళ్ళో ఉండి ఆర్టిస్ట్ ఏమిటి. వీటి మీద ఎక్కువసేపు ఆగను. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు మద్రాసులో చదివింది లా. భీమవరం వైపువాడైన రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు కూడా లా చదివి, కొంతకాలం ప్లీడరీ చేశారు. ఇక మనూళ్ళో ఆర్టిస్ట్ ఏమిటి అనేవాళ్ళు రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీకి ఒక్కసారి వెళ్ళిరండి. ఆయన బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకుని తిరిగి రాజమండ్రికే వచ్చి పనిచేశారు. 1897లో పుట్టి 1925లోనే పోయారు. ఇరవై ఏడేళ్ళ జీవితం. ఆ గ్యాలరీకి సిటీ బస్సు టికెట్ దూరంలో ఉండి కూడా దాన్ని చూడకుండా ఈ మాట అనేవాళ్ళంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పనికొచ్చే పరీక్ష ఇది. పోయిన నెలలో ఎవరూ అడగకుండా, ఎవరూ డబ్బివ్వకుండా కూర్చుని పని చేశారా? ముందు వేసిన బొమ్మలో కుదరనిదాన్ని కుదిర్చేందుకు ఇంకో బొమ్మ మొదలుపెట్టారా? చేసి ఉంటే గడిలో ఆర్టిస్ట్ అని రాయండి, ఉద్యోగం ఉంటే దాన్నీ పక్కనే రాయండి.

రాయడం కంటే పలకడమే కష్టమైతే, ముందు ఏం వేస్తారో చెప్పడం అలవాటు చేసుకోండి. "లాకుల దగ్గర ఆగిన నీటిని వాటర్ కలర్స్‌లో వేస్తానండి." ఇది నిజం కాబట్టి పలకడానికి ఇబ్బంది ఉండదు. అవతలివాళ్ళే "ఓహో, ఆర్టిస్టా మీరు" అంటారు. అప్పుడు అవునండీ అనాలి, అంతే. దీన్ని చుట్టాల ముందు మొదలుపెట్టకండి. ఫ్రేములు కట్టే ఆయనతో, రంగులు అమ్మే షాపులో, కొరియర్ ఆఫీసులో మొదలుపెట్టండి. అక్కడ మీ పని వాళ్ళ కళ్ళ ముందే ఉంటుంది.

ఇలా చేశాక కూడా నోరు రావడం లేదంటే కారణం ఇక్కడ లేదు. కింద చెప్పబోయే చోట ఉంది.

లక్షణం: స్టేట్‌మెంట్ చదవడానికి బాగుంటుంది, ఎవరూ తప్పు పట్టరు, కానీ పిలుపు రాదు

అన్నింటిలోకీ దొరకనిది ఇదే. ఎంత అనుభవం ఉన్నా మొదటి చూపులో పట్టుకోలేం, ఎందుకంటే కాగితం మీద తప్పు కనిపించదు. ఇలా ఉంటుంది:

"ప్రకృతి నాకు తొలి గురువు. పచ్చని పొలాలు, గలగల పారే గోదారి నా కుంచెకు ప్రాణం పోశాయి. రంగుల ద్వారా మానవ భావోద్వేగాలను ఆవిష్కరించడమే నా లక్ష్యం."

అక్షర దోషం లేదు. ఇంట్లోవాళ్ళకు చదివి వినిపిస్తే చాలా బాగుందంటారు. ఇప్పుడు కింద ఉన్న పేరు కొట్టేసి మీకు తెలిసిన ఇంకో ఆర్టిస్ట్ పేరు రాయండి. అప్పుడు కూడా సరిపోయిందా? అలాగైతే మీకు ఈ జబ్బే ఉంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు భాషను అనుమానించడం. తెలుగు మాష్టారి దగ్గరకు తీసుకెళ్ళి మాటలు మార్పిస్తారు. లేదా చాట్ జీపీటీకి ఇచ్చి ఇంగ్లీషులో రాయించుకుంటారు. "గలగల పారే గోదారి" పోయి "అస్తిత్వ సంఘర్షణ" వస్తుంది, అంతే. పేరు మార్చే పరీక్ష పెడితే ఇది కూడా ఎవరికైనా సరిపోతుంది. మాటల్లో లోపం లేనప్పుడు మాటలు మార్చి లాభం లేదు.

అసలు కారణం ఎక్కువసార్లు ఇది: ఆ మనిషి తనకు అన్నం పెట్టిన చేతిపనిని స్టేట్‌మెంట్‌లోంచి తీసేశాడు. కావాలని అబద్ధం చెప్పలేదు, అసలు రాయాలని తోచలేదు. అది "కమర్షియల్" పని అనీ, కళ కిందికి రాదనీ ఎప్పుడో ఎవరో అన్నారు. ఆ పని తీసేస్తే మిగిలేది ప్రకృతి, భావోద్వేగాలు, గోదారి. అవి అందరికీ ఉన్నవే కాబట్టి స్టేట్‌మెంట్ కూడా అందరిదీ అయిపోయింది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. పాలకొల్లు దగ్గర ఒక ఆర్టిస్ట్ ఉన్నారు. ఫ్లెక్సీలు రాకముందు ఇరవై ఏళ్ళు షాపుల బోర్డులు, గోడ ప్రకటనలు, లారీల వెనక అక్షరాలు రాశారు. ఇప్పుడు కాన్వాస్ మీద బజారు వీధులు, కాలువ గట్లు వేస్తారు. పైన ఇచ్చిన స్టేట్‌మెంట్ దాదాపు ఆయనదే. బొమ్మలన్నీ నేల మీద పరిపించి చూశాం. అన్నింటిలో నీటికీ గట్టుకీ మధ్య అంచు బ్లేడుతో కోసినట్టుంది. ఆకాశం ఒకే పూత, ఎక్కడా దిద్దుబాటు లేదు. ఇంకొకటి, బజారు బొమ్మల్లో షాపులున్నాయి, షాపుల మీద బోర్డులున్నాయి, ఏ బోర్డు మీదా అక్షరం లేదు. రంగు వేసిన ఖాళీ పలకలు.

"బోర్డులు ఖాళీగా వదిలేశారేమిటండీ?" అని అడిగాను.

"ఇప్పుడు అక్కడున్నవన్నీ ఫ్లెక్సీలేనండి. ఆ అక్షరాలు నా చేత్తో వెయ్యబుద్ధి కాదు. పాతవి వేద్దామంటే ఇప్పుడవి లేవు కదండీ."

స్టేట్‌మెంట్ అంతా ఆ జవాబులోనే ఉంది. కాగితం మీద మాత్రం దాని జాడ లేదు. ఆయన బయోడేటా తీసి చూస్తే అందులోనూ స్కూలు చదువు తర్వాత ఇరవై ఏళ్ళు ఏమీ లేవు, ఆ తర్వాత ఒక గ్రూప్ ఎగ్జిబిషన్. ఆ ఇరవై ఏళ్ళలోనే ఆయన చెయ్యి తయారైంది. నిచ్చెన మీద నిలబడి, సుద్ద రాసిన దారంతో గోడ మీద గీత కొట్టి, ఎనామిల్ రంగు జారిపోకుండా తలకట్టును ఒకే విసురులో లాగడం ఏ కాలేజీలోనూ నేర్పరు. ఆ రోజుల్లో గోడ మూల తన పేరు పక్కన "ఆర్ట్స్" అని సంతకం పెట్టేవారాయన. అదే మనిషి ఇప్పుడు దరఖాస్తులో వృత్తి గడి దగ్గర ఆగిపోతున్నారు. నోరు రాకపోవడం, స్టేట్‌మెంట్ డొల్లగా రావడం రెండు జబ్బులు కావు. ఉన్న పనిని దాచిపెడితే పిలుచుకోవడానికి పేరు కూడా మిగలదు.

నరసాపురం వైపు ఇదే ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడి క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. తరతరాలుగా ఆడవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని, ముక్కకింత అని కూలి తీసుకుని అల్లిన పని అది. ఒకరు పువ్వులు అల్లితే, వాటిని కలిపే అతుకు పని ఇంకొకరు చేస్తారు. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన అతుకు పని చేసిన ఒకామె ఇప్పుడు నల్ల ఇంకుతో పెద్ద కాగితాల మీద వలయాలు గీస్తుంది. చాలా మంచి పని. స్టేట్‌మెంట్‌లో మాత్రం విశ్వం, అనంతం, కాలచక్రం. బొమ్మలో ప్రతి వలయమూ పక్కదానితో సరిగ్గా రెండు చోట్ల కలుస్తుంది, ఎక్కడా మూడో చోట కలవదు. అది కాలచక్రం వల్ల రాలేదు. దాన్నే రాయమంటే "లేసు పని అని రాస్తే హ్యాండీక్రాఫ్ట్స్ స్టాల్‌కి పంపేస్తారేమోనండి" అని భయపడింది.

ఆ భయం ఉత్తిది కాదు. చేతిపని పేరు వినగానే చిన్నచూపు చూసేవాళ్ళు సెలక్షన్ కమిటీల్లోనూ ఉంటారు. కానీ ఒక విషయం గుర్తుంచుకోండి. వాళ్ళు బొమ్మను చూస్తారు. మీరు రాసినా రాయకపోయినా ఆ చెయ్యి బొమ్మలో కనిపిస్తూనే ఉంటుంది. కనిపిస్తున్నదాని గురించి కాగితం నోరు మెదపకపోతే, ఈ మనిషికి తన పని తనకే తెలియదని అనుకుంటారు. చిన్నచూపు కంటే ఎక్కువ నష్టం దానివల్లే జరుగుతుంది.

*దాచిన పనిని ఎలా పట్టుకోవాలి?*

మీరు ఒక్కరే కూర్చుంటే దొరకదు. లేనిదాన్ని ప్రూఫ్ చూసి పట్టుకోలేం. మీ బొమ్మలు చూడగలిగిన ఒకరిని పిలిచి, టీ తాగుతూ మాట్లాడండి, ఫోన్లో రికార్డు చేయండి. మీరు మొట్టమొదట కొన్న మంచి బ్రష్‌కి డబ్బులు ఎక్కడివి? రంగు కలిపేటప్పుడు చూడకుండానే మీ చెయ్యి చేసే పని ఏది? ఎవరు నేర్పారు? "అదేం లేదులెండి, అప్పట్లో ఏదో" అని మీరు దాటేసిన చోట టేపు ఆపండి. దాదాపు ప్రతిసారీ అక్కడే ఉంటుంది. వినాయక చవితి బొమ్మలు కావచ్చు, కొత్తపేటలో విగ్రహాల అచ్చులు తీసిన పని కావచ్చు, జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు అలంకరించడం కావచ్చు, ముప్పై ఏళ్ళు పిల్లల డ్రాయింగ్ పుస్తకాలు దిద్దడం కావచ్చు, పెళ్ళి మండపాలకు థర్మాకోల్ కోయడం కావచ్చు.

*తిరిగి ఎలా పెట్టాలి?*

ఇక్కడ కూడా చాలామంది దారి తప్పుతారు. ఇన్నాళ్ళూ దాచినది ఒక్కసారిగా బయటికి వచ్చేసరికి స్టేట్‌మెంట్ మొత్తం కష్టాల కథ అయిపోతుంది. ఫ్లెక్సీ వల్ల బతుకు పోయింది, నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, అప్పులు. అవన్నీ నిజమే, నాకు వాటి మీద గౌరవం ఉంది. కానీ చదివేవాళ్ళు మీ మీద జాలిపడి బొమ్మ చూడటం మానేస్తారు. కాబట్టి నేను పెట్టే నియమం ఇది: చేతిపని గురించి రాసే ప్రతి వాక్యం బొమ్మలో వేలుపెట్టి చూపించగలిగిన దానితో ముడిపడాలి. చూపించలేకపోతే ఆ వాక్యం బయోడేటాలోకి వెళ్ళాలి. రెండు వాక్యాలు మించకూడదు. మొదటి వాక్యంలో ఇప్పుడు ఏం వేస్తున్నారో ఉండాలి, చేతిపని రెండో వాక్యంలో రావాలి.

పాలకొల్లు ఆయన స్టేట్‌మెంట్‌లో ముఖ్యమైన భాగం చివరికి ఇలా కుదిరింది:

"మా ఊరి బజారునీ కాలువ గట్లనీ యాక్రిలిక్ రంగులతో వేస్తాను. ఇరవై ఏళ్ళు షాపుల బోర్డులు రాశాను, అక్షరానికి అంచు కొట్టినట్టే నీటికీ గట్టుకీ మధ్య అంచు కొడతాను. ఒకసారి వేసిన రంగు మీద మళ్ళీ దిద్దను. ఆకాశాన్ని ఒకే పూతగా వదులుతాను. నా బజారు బొమ్మల్లో బోర్డులన్నీ ఖాళీగా ఉంటాయి. చేత్తో రాసిన అక్షరాలు ఇప్పుడు అక్కడ లేవు, ఉన్న అక్షరాలను నేను వేయను. అక్షరం లేకపోయినా అది ఏ షాపో ఆ రంగుల్ని బట్టి, పలక కొలతను బట్టి చూసేవాళ్ళు గుర్తుపట్టగలరా అన్నదే ఈ బొమ్మల్లో నేను తేల్చుకోవాలనుకుంటున్నది."

దీని కింద ఇంకో పేరు పెట్టి చూడండి, కుదరదు. గోదారి అన్న మాట ఒక్కసారి కూడా లేదు, అయినా ఇది ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. ఆయన వృత్తి గడిలో ఈసారి ఆగకుండా ఆర్టిస్ట్ అని రాశారు. నేను చెప్పాల్సిన పని రాలేదు.

అందరికీ ఇలాంటి చేతిపని ఉండదు కదా అంటారు. బ్యాంకులో క్లర్కుగా చేసినవారికీ, నర్సుకీ ఉంటుంది. లెడ్జర్ గళ్ళు, మందుల చీటీలు, రాత్రి డ్యూటీలో ట్యూబ్‌లైట్ వెలుగు, ఇవన్నీ బొమ్మల్లోకి వస్తూనే ఉంటాయి. వెతకండి. నిజంగా రాకపోతే వదిలేయండి, లేనిదాన్ని అతికించకండి.

లక్షణం: ప్రతి వాక్యంలో గోదారి

కారణం చిన్నదే, మన ప్రాంతం పేరు చెబితే చాలు అనుకోవడం. ఏ పాయో చెప్పండి. యానాం దగ్గర గౌతమి వేరు, నరసాపురం దగ్గర వసిష్ఠ వేరు, వైనతేయ వేరు. ఏ నెలో చెప్పండి. వరద మొదలై ఎర్రనీరు వచ్చినప్పుడా, ఎండాకాలంలో కాలువలు కట్టేసి అడుగున బురద పగిలినప్పుడా? మీ బొమ్మలో నీళ్ళ రంగే ఆ సంగతి చెబుతుంది కాబట్టి చూసి రాయండి. ఇలా రాస్తే "అందాలు", "సోయగాలు" అన్న మాటలు వాటంతట అవే రాలిపోతాయి.

లక్షణం: పంపాక అవతల గజిబిజిగా కనిపించింది

డీటీపీ షాపులో "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైప్ చేయించి ఉంటారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. అన్ని కంప్యూటర్లలోనూ, ఫోన్లలోనూ కనిపించే యూనికోడ్‌లో టైప్ చేయించండి, పీడీఎఫ్ చేసి మీ ఫోన్‌లో ఒకసారి, ఇంకొకరి ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. కొలతలు రాసేటప్పుడు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. అద్దం వేసిన బొమ్మను ఫొటో తీస్తే ట్యూబ్‌లైట్ కనబడుతుంది, ఫ్రేము కట్టకముందే తీయించుకోండి.

అరుదైనవి

రెండు మూడు రకాల పని చేస్తున్నాను, ఏది రాయాలి అంటారు. పంపుతున్న దాని గురించే రాయండి. రాస్తే నా ఐడియా ఎవరైనా కాపీ కొడతారేమో అంటారు. కొట్టరు, మీ చెయ్యి వాళ్ళకు లేదు. స్టేట్‌మెంట్ లేకుండా బొమ్మ ఒక్కటే మాట్లాడితే చాలదా అంటారు. చాలు, కానీ దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంటే చాలాచోట్ల తీసుకోరు.

ఇంగ్లీషులోనే అడిగితే మాత్రం ముందు తెలుగులో పూర్తిగా కుదుర్చుకోండి. గట్టిగా చదవండి, మీరు మామూలుగా మాట్లాడేటప్పుడు రాని మాట వస్తే కొట్టేయండి. ఆ తర్వాతే ఇంగ్లీషు బాగా తెలిసినవారికి ఇవ్వండి. కాగితం ఒక్కటే వాట్సాప్‌లో పంపకుండా, వాళ్ళను ఇంటికి పిలిచి, ఆ నేల మీద పరిచిన బొమ్మల ముందే కూర్చోబెట్టి రాయించండి.